కందదుంపలో బీజగణితము

చోడవరమునకు సమీపమున, దూరమునుండియే తూర్పు కనుమల కొండలు కనబడు చీడికాడలో మా తమ్ముని కాపురము. 2022వ సంవత్సరమున జిల్లాలను మఱల విభజించినపుడు ఆ ప్రాంతము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది గాని, అక్కడి చెఱకుతోటలకును, బెల్లపు వంటకును ఆ మార్పుతో నిమిత్తము లేదు. మేము ఇటీవల నక్కడ నాలుగు దినములుండి వచ్చితిమి. ఆ దినములలో వంటయింట జరిగిన యొక సంగతి, ఇంట చదువుకొను పిల్లలుగల సోదరీమణులకు చెప్పదగినదిగ తోచి యిది వ్రాయుచున్నాము.

మా మేనకోడలు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఒకనాటి సాయంకాలము లెక్కల పరీక్ష కాగితము నింటికి తెచ్చి, తల్లికి చూపక, సంచిలో పుస్తకముల క్రిందికి దోపినది. మఱదలు చూడనే చూచినది. "నాకేమి తెలియును తల్లీ! ఏడవ తరగతితో మానిపించిరి. అత్తకు చూపు" అని ఆ కాగితమును మా చేతికిచ్చినది. అందు ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడిన పంక్తి యొకటి కలదు. అమ్మాయి యిట్లు వ్రాసియుండెను:

(క + చ)³ = క³ + చ³

బడి పుస్తకములలో ఏ, బీ యను ఇంగ్లీషు అక్షరములను వాడుదురు. మనము మన యక్షరములనే వాడుకొందము. అక్షరము మాఱినంతమాత్రమున లెక్క మాఱదు. రెండు పదములు గల యిట్టి రాశిని ద్విపది యందురు. దానిని దానిచేతనే మూడుమాఱులు హెచ్చవేయగా వచ్చునది దాని ఘనము. సరియైన విస్తరణ మిది:

(క + చ)³ = క³ + 3క²చ + 3కచ² + చ³

"సూత్రము బట్టీపట్టితిని అత్తా. పరీక్షలో నడిమి రెండు పదములును జ్ఞాపకమునకు రాలేదు" అని అమ్మాయి కన్నులు తుడుచుకొనెను. దానిని కోపించుటకు మాకు మనసు రాలేదు. ఆ నడిమి పదము లెక్కడనుండి వచ్చినవో దాని కెవ్వరును చూపియుండలేదు. అవి జాఱిపోయినచో ఎంత నష్టమో అంతకంటెను చూపియుండలేదు. కంటికి కనబడని దానిని కంఠమున నెన్నాళ్లు నిలుపుకొనగలదు?

మఱునాడు ఆదివారము. వాకిట కల్లాపి చల్లి మఱదలు ముగ్గుబుట్ట తీసికొనగా, ఆ పూటకు ముగ్గు పెట్టు పని మేము పుచ్చుకొంటిమి. నాలుగు ప్రక్కలును సమానముగ నొక చదరము గీచి, దాని ప్రక్కను ఒక పెద్ద భాగము, ఒక చిన్న భాగముగ విడదీసి, పెద్దదానికి క యనియు, చిన్నదానికి చ యనియు పేరు పెట్టితిమి. అట్లే రెండవ ప్రక్కను కూడ విడదీసి అడ్డముగ నొక గీతయు, నిలువుగ నొక గీతయు వేయగా చదరము నాలుగు గదు లయ్యెను. ఒక మూల పెద్ద చదరము, అది క². దాని కెదురు మూల చిన్న చదరము, అది చ². మిగిలిన రెండును ఒక్కతీరు కోలగదులు, ఒక్కొక్కటి కచ. కావున (క + చ)² అనగా క² + 2కచ + చ². "క² + చ² అని ఊరకుండినచో ఈ రెండు కోలగదులను ముగ్గులోనుండి చెఱిపివేసినట్లే" యని చెప్పగా, అమ్మాయి "ఇంతేనా?" అనెను. ఇంతే. వర్గమునకు నేల చాలును. ఘనమునకు ఎత్తు కూడ కావలెను గనుక వంటయింటిలోనికి పోతిమి.

ఆ దినమున కూరకై తెచ్చిన పెద్ద కందదుంప యొకటి మూలనుండెను. కంద దురద సంగతి తెలిసినవారము గనుక చేతులకు నూనె రాచుకొని, కత్తిపీటతో తిన్నని కోత రాదని చాకు పుచ్చుకొంటిమి. అమ్మాయి తన కంపాసు పెట్టెలోని కొలబద్ద తెచ్చెను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 3 అంగుళములుగ నొక ఘనమును చెక్కితిమి. అందులో క యనగా 2 అంగుళములు, చ యనగా 1 అంగుళము.

తరువాత మూడు కోతలు. ముందరి యంచునుండి ఒక అంగుళము లోపలికి నిలువుగ నొకటి. కుడి యంచునుండి ఒక అంగుళము లోపలికి నిలువుగ రెండవది. పైనుండి ఒక అంగుళము దిగువగ అడ్డముగ మూడవది. మొదటి కోతతో రెండు ముక్కలు, రెండవదానితో నాలుగు, మూడవదానితో ఎనిమిది. కోయునంతసేపు దుంప చెదరకుండ అమ్మాయి రెండు చేతులతోను అదిమి పట్టుకొనెను. తరువాత ఒక్కొక్క ముక్కనే తీసి పీటపై వరుసగ నుంచి కొలువుమంటిమి.

ఒకటి పెద్ద ఘనము: 2 అంగుళముల పొడవు, వెడల్పు, ఎత్తు, అనగా 8 ఘనపుటంగుళములు. అది క³. పలకలవలె నుండునవి మూడు, ఒక్కొక్కటి 2, 2, 1 అంగుళముల కొలతది, అనగా 4 ఘనపుటంగుళములు. అవి క²చ. కడ్డీలవలె నుండునవి మూడు, ఒక్కొక్కటి 2, 1, 1 అంగుళముల కొలతది, అనగా 2 ఘనపుటంగుళములు. అవి కచ². అన్నిటికంటె చిన్నది ఒక్క అంగుళపు ఘనము. అది చ³. ఎనిమిదియు, మూడు నాలుగులు పండ్రెండును, మూడు రెండ్లు ఆఱును, ఒకటియు కలిపిన 27. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరువదియేడు. లెక్క సరిపోయెను.

"ఇప్పుడు నీవు పరీక్షలో వ్రాసినది చూపు" మంటిమి. అమ్మాయి పెద్ద ఘనమును, చిన్న ఘనమును మాత్రము ప్రక్కకు తీసెను. రెండును కలిపి 9. తక్కిన 18 ఘనపుటంగుళముల కంద, అనగా దుంపలో మూడింట రెండు వంతులు, పీటమీదనే మిగిలిపోయెను. దాని తమ్ముడు, ఎనిమిదేండ్లవాడు, గుమ్మము పట్టుకొని నిలిచి యంతయు చూచుచుండి, "అక్క పరీక్షలో అంత కందయు తినివేసినదా!" యనెను. ఆ మాటకు మేమందఱమును నవ్వితిమి. అమ్మాయి నవ్వలేదు, పలకలవంక చూచుచుండెను.

కొంతసేపటికి, "అత్తా, పలకలు మూడే యేల? కడ్డీలును మూడే యేల?" అని యడిగినది. ఆ ప్రశ్నకొఱకే మేము కాచుకొనియుంటిమి. పెద్ద ఘనమును పీట నడుమ నుంచి, "ఇది నీ గది యనుకొనుము. దీనిని ముందరికి, కుడికి, పైకి మూడు దిక్కులను ఒక్కొక్క అంగుళము పెంచవలెను. ఏమి చేయుదువు?" అంటిమి. అమ్మాయి ముందరి ముఖమునకు ఒక పలక ఆనించి, కుడి ముఖమునకు ఒకటి ఆనించి, పైని ఒకటి కప్పెను. మూడు దిక్కులు గనుక మూడు పలకలు. అయినను ఘనము పూర్తికాలేదు. పలకకును పలకకును నడుమ, అంచుల వెంబడి, మూడు సందులు మిగిలెను. వానిలో మూడు కడ్డీలను పెట్టెను. అప్పటికిని మూడు కడ్డీలును కలియు మూల యొక బొక్క యుండెను. అందులో చిన్న ఘనము దూర్చెను. అప్పటికి గాని దుంప తొల్లిటి రూపమునకు రాలేదు. సూత్రములోని నాలుగు పదములను అది ఆ క్షణముననే తన చేతులతో వ్రాసికొన్నది.

మన భాషలో ఈ లెక్కకు ఘనమను పేరుండుటయే చక్కని సంగతి. గట్టిగ నిండియున్న వస్తువును ఘనమందుము. ఒక సంఖ్యను మూడుమాఱులు గుణింపగా వచ్చుదానిని కూడ ఘనమే యందుము. 499వ సంవత్సరపు నాటి ఆర్యభటీయములో ఆర్యభటుడు, మూడు సమానసంఖ్యల లబ్ధమును, పండ్రెండంచులు గల ఆకృతిని ఒక్కచోటనే ఘనమని చెప్పినాడు. లెక్కయు వస్తువును వేఱుకావని ఆ పెద్దల కెఱుకయే. తరువాత నెప్పుడో మనము వస్తువును దూరము చేసి లెక్కను మాత్రము పిల్లల ముందుంచితిమి.

తెలుగువారికిని ఇది క్రొత్తగ వచ్చిన విద్య కాదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహ మను గ్రంథమును సంస్కృతమున రచించెను. ఒక సంఖ్యను రెండు ఖండములుగ విడదీసి ఘనము కట్టు పద్ధతియు అందు కలదు. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన 11వ శతాబ్దివాడని సాధారణముగ చెప్పుదురు. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో అది యొకటి. జనులు దానిని పావులూరి గణితమనియే పిలిచిరి. భారత రామాయణములు తెనిగించిన వారిని మనము నిత్యము తలచుకొందుము. లెక్కలు తెనిగించినవానిని తలచుకొను ఇండ్లు ఎన్ని కలవు?

1150వ సంవత్సరమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతి సంగతి మన చదువరులలో పలువురు వినియుందురు. లీలావతి ఆయన కూతురనియు, ఆమె పెండ్లి ముహూర్తమునకు పెట్టిన నీటి గడియారములో ఆమె నగనుండి ముత్యము జాఱి రంధ్రమున కడ్డుపడుటచే ముహూర్తము తప్పెననియు, ఆమె దుఃఖమును మఱపించుటకై తండ్రి యీ గ్రంథమునకు ఆమె పేరు పెట్టెననియు కథ. ఆ కథ 1587లో ఫైజీ చేసిన పారసీక భాషాంతరీకరణమునుండి వ్యాపించినది; భాస్కరుని గ్రంథములో లేదు. కథ నిజమైనను కాకున్నను, ఆయన కొన్ని లెక్కలను ఒక బాలికను పిలిచి యడుగుచున్నట్లు పద్యములు కట్టుట మాత్రము నిజము. అది మాకు ముత్యపు కథకంటెను ప్రియము.

ఆ లీలావతిలో ఘనము కట్టుట కొక సులువు కలదు. సంఖ్యను రెండు ఖండములు చేయుము. ఆ సంఖ్యను రెండు ఖండములతోను హెచ్చించి, మూడింతలు చేసి, ఖండముల ఘనములను కలుపుము. 9 ని 4, 5 అని విడదీసినచో, 9 ని 4 తోను 5 తోను హెచ్చింపగా 180, మూడింతలు 540. నాలుగు ఘనము 64, ఐదు ఘనము 125, రెండును కలిసి 189. అంతయు కలిపిన 729. ఇదియు మన సూత్రమే గదా యని, దానిని కందముక్కలతో చూపబోయితిమి. ఒక పలకకు ప్రక్కనే ఒక కడ్డీని చేర్చితిమి. రెండును కలిసి 3 అంగుళముల పొడవు, 2 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము గల చిన్న చెక్క యైనది, అనగా (క + చ), క, చ. ఇట్టి చెక్కలు మూడు. భాస్కరుడు "మూడింతలు" అన్నది ఈ మూడు చెక్కలనే. ఒక్కొక్కటి 6, మూడును కలిసి 18. అమ్మాయి పరీక్షలో పోగొట్టుకొన్న కంద సరిగ నంతే.

లీలావతిలోనే అడిగిన మఱియొక లెక్క 27 ఘనము. 20, 7 అని విడదీయుమని చెప్పి మేము ఊరకుంటిమి. 20 ఘనము 8000. మూడు పలకలు, 400 ను 7 తో హెచ్చించి మూడింతలు, 8400. మూడు కడ్డీలు, 20 ని 49 తో హెచ్చించి మూడింతలు, 2940. చిన్న ఘనము 343. మొత్తము 19,683. అమ్మాయి కాగితముమీద "పలకలు", "కడ్డీలు" అనియే వ్రాసికొనుచు చేసినది. ఇదే విధముగ 12 ను 10, 2 అని విడదీసినచో 1000, 600, 120, 8 కలిసి 1728 అగును. ఒక ఘనపుటడుగులో నుండు ఘనపుటంగుళము లవియే. జలాశయముల నీటిని కోట్ల ఘనపుటడుగులలో చెప్పునపుడు మనము విని యూరకుందుము గాని, ఒక్క ఘనపుటడుగులోనే 1728 అంగుళపు ఘనములు పట్టునని చెప్పిన పిల్లలు నోరు తెఱచి విందురు.

కంద కోసి లెక్క చెప్పుట చిన్నపిల్లల యాట యని కొంద ఱనవచ్చును. ఆటయే. ఇటలీ దేశస్థురాలగు మరియా మాంటిస్సోరి విదుషి యీ యాటనే తన విద్యావిధానములో చేర్చినది. ఎనిమిది చెక్కముక్కలు గల చిన్న పెట్టె యొకటి. క³ ఎఱుపు, చ³ నీలము, పలకలకును కడ్డీలకును చదరపు ముఖములు ఎఱుపో నీలమో, తక్కిన ముఖములు నలుపు. నాలుగైదేండ్ల పిల్లలు సూత్రమేమియు తెలియకయే రంగు చూచి రంగు చేర్చి ఘనమును కట్టుదురు. పది సంవత్సరముల తరువాత బీజగణితము వచ్చినపుడు వారి చేతుల కది పరిచితమే. ఆ విదుషి 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి యాహ్వానముపై మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చినది. యుద్ధకారణమున 1946 వఱకు మన దేశముననే యుండవలసివచ్చినది. ఆమె పెట్టె నేడు వెలయిచ్చి కొనవచ్చును. కొనలేనివారికి కంద కలదు, బంకమన్ను కలదు.

ఇంతవఱకు మఱదలు పొయ్యికడ కూర్చుండి మాటాడక వినుచుండెను. అప్పుడు, "వదినగారూ, ఇది పెట్టెవంటి వస్తువుల సంగతి గదా. గుండ్రని పాత్రలకును ఇట్లే యగునా?" అనినది. ఏడవ తరగతితో మానిపించిన మనిషి యడిగిన ప్రశ్న యది! రూపమేదైనను సరే, పొడవు వెడల్పు ఎత్తు లన్నియు ఒకే పాళమున పెరిగినను తగ్గినను, పట్టు పరిమాణము ఘనపు లెక్కనే పెరుగును, తగ్గును అని చెప్పితిమి. లడ్డును అడ్డముగ కొలిచి పదవవంతు పెద్దది చేసినచో, 10 కి 11 అయినది గనుక 1000 కి 1331 పిండి పట్టును. కంటికి కొంచెమే పెద్దది. సామానులో మూడవవంతు హెచ్చు.

మఱదలు లేచి లోపలికి పోయి రెండు కొలపాత్రలు తెచ్చెను. ఒకటి తన తల్లి యిచ్చిన పాత యిత్తడిది. రెండవది పొరుగింటివారిది, ఆ యుదయము వారు చేబదులు బియ్యము తిరిగి యిచ్చుచు మఱచిపోయినది. "వారు బియ్యము తీసికొనునపుడు మా పాత్రతో కొలిచి యిత్తును. తిరిగి యిచ్చునపుడు వారి పాత్రతో కొలిచి పోయుదురు. కొంచెము చిన్నదని తెలియును. పదింట ఒకవంతు కాబోలు, ఆ మాత్రమునకు మాట యెందుకని నాలుగేండ్లుగా ఊరకుంటిని" అని చెప్పినది.

అమ్మాయి కొలబద్ద తీసికొనెను. ఇత్తడి పాత్ర అడ్డము 5 అంగుళములు, ఎత్తు 5 అంగుళములు. రెండవది అడ్డము నాలుగున్నర, ఎత్తు నాలుగున్నర. నిజమే, ప్రతి కొలతయు పదింట ఒకవంతే తక్కువ. కాని ఘనము? 10 లో 1 తగ్గించుటకు సూత్రములో చిన్న మార్పు: 1000 లోనుండి 300 తీసి, 30 కలిపి, 1 తీయవలెను. అమ్మాయి వ్రేళ్లమీద లెక్కించి, "729!" అని కేకవేసినది. భాస్కరుని 9 ఘనము మఱల ఎదురైనది. వేయిపాళ్లు ఇచ్చినచోట 729 పాళ్లు తిరిగి వచ్చుచున్నవి. పోవునది పదవవంతు కాదు, నాలుగవవంతునకును మించినది.

మఱదలికి నమ్మిక కలుగలేదు. కాగితముమీది లెక్క కంటె బియ్యముతో చూడవలెననెను. అదియు న్యాయమే. లెక్క ప్రకారము 729 ని నాలుగింతలు చేసిన 2916; కావున చిన్నపాత్రతో నాలుగు కొలతలు పోసినను పెద్దపాత్రతో మూడు కొలతలు పూర్తిగ నిండరాదు, కొంచెము వెలితి యుండవలెను. చాప పఱచి, తలగొట్టి కొలిచితిమి. చిన్నపాత్రతో నాలుగు కొలిచి కుప్పపోసి, దానిని పెద్దపాత్రతో తిరుగ కొలువగా రెండు నిండి, మూడవది ఇంచుమించు రెండు గుప్పిళ్ల వెలితితో నిలిచెను. మఱదలు ఆ వెలితిని చాలసేపు చూచినది. నాలుగేండ్ల బియ్యము దాని కన్నులలో మెదలియుండును. అయినను పొరుగింటావిడను ఒక్కమాట యనలేదు. ఆమెయు తెలిసి చేసినది కాదు. బజారులో దొరికిన పాత్ర కొనుక్కొన్నది.

మధ్యాహ్నము ఆమె పాత్రకొఱకు వచ్చి, అంతకు ముందే బంధువులు వచ్చిరని మఱల రెండు కొలతల బియ్యమడిగినది. మఱదలు పెద్దపాత్రను తాకలేదు. ఆమె పాత్రతోనే రెండు కొలిచి పోసి, "అక్కా, తిరిగి తెచ్చునపుడును దీనితోనే కొలిచి తెండు" అని నవ్వుచు చెప్పినది.

కంద ఎనిమిది ముక్కలును, చెక్కగా మిగిలిన తునుకలును ఆ రాత్రి పులుసులో పడినవి. పలకలును కడ్డీలును చక్కగ నుడికినవి. పెద్ద ఘనము మాత్రము లోపల పచ్చిగనే యుండగా, మఱదలు దానిని తీసి మఱల తఱిగి పొయ్యిమీద పెట్టినది.